హోనమ్మ కోసం ప్రార్థన

ఉదయగిరి,
జులై 9.

మా సుక్కమ్మకు,

అవ్వ రాసేది. ఆదివారం ఫోనులో నువ్వేదో అడిగావు, నేనేదో చెప్పాను. మీ నాయన పక్కనుంచి "కార్టూన్ సంగతి అడగతా ఉండాది మా" అని అరిచేలోపు నీకిచ్చిన ఐదు నిమిషాలూ అయిపోయాయి. నా చెవులకూ ఆ ఫోనుకూ పడదు. ముప్పై మూడేళ్ళు పిల్లలకు ఉత్తరాలు రాయడం నేర్పినదాన్ని, కాగితం ఉండగా నాకు ఫోనెందుకు? మీ హాస్టల్లో నిషేధం ఫోన్లకే కానీ జాబులకు లేదట. మేడమ్ గారు ముందు చదివి ఆ తరువాత మీకు ఇస్తారట. చదవనీ. మేడమ్ గారికి కూడా నా వందనాలు.

నువ్వు అడిగిన సంగతికి వస్తాను. అవును, నీ "మంచుకోట" మళ్ళీ కొత్తగా తీశారు. నువ్వు రెండో తరగతిలో ఉండగా బడి నుంచి రావడంతోనే బ్యాగు మంచం మీదికి విసిరేసి చూసేదానివే, అదే. శనివారం సాయంత్రం ఆరింటికి ఒక భాగం వస్తోంది. తెలుగులోనే మాట్లాడుతున్నారు. నేను సౌండు పూర్తిగా పెంచుతాను, మీ అమ్మ పోయి వీధి తలుపు మూసేస్తుంది. నీకు చూసే వీలు లేదు కాబట్టి నేను చూసి రాస్తాను. నువ్వు చదువుకో, కార్టూన్ సంగతి నాకు వదిలెయ్యి.

మొదటి భాగం చూశాను. మన దుర్గం కొండ మీద మంచు పోసినట్టు ఒక కోట. దానికి పెద్ద రాతి తలుపు. ఆ తలుపు పైకి లేచి ఉండాలంటే ఒకరు ఎప్పుడూ తాడు పట్టుకొని నిలబడాలి. వదిలితే తలుపు కూలి కింద నడిచే జనం నలిగిపోతారట. తాడు పట్టుకున్న పిల్ల పేరు హోనామి. నాకు నోరు తిరక్క హోనమ్మ అంటున్నాను. అన్నం ఎప్పుడు తింటుంది, నిద్ర ఎప్పుడు పోతుంది అని అడిగితే మీ అమ్మ "కార్టూన్ అత్తా" అనేసింది. మొదటి భాగమంతా హోనమ్మ తాడు పట్టుకొనే ఉంది. పాతదాంట్లో అయితే రెండో భాగానికే తాడు వదిలి కొండ దిగిపోయినట్టు గుర్తు. వచ్చే శనివారం దిగుతుంది, రాస్తాను.

బాగా తిను. నెయ్యి సీసా వేరేవాళ్ళకు పంచకు.

అవ్వ
(లిదియమ్మ, రిటైర్డ్ ఉపాధ్యాయిని)


ఆత్మకూరు,
జులై 17.

అవ్వకు వందనాలు.

నీ లెటర్‌ని మధులత గట్టిగా చదివింది. జలదంకి అమ్మాయి, నా పక్క బెడ్. రూములో ఎనిమిది మందిమి, హోనమ్మ దగ్గర అందరం పడీ పడీ నవ్వాం. సంతకం కింద రిటైర్డ్ ఉపాధ్యాయిని అని చూసి ఇంకోసారి నవ్వాం, కోప్పడకు. ఇప్పుడు మా ఫ్లోర్ మొత్తానికి శనివారం ఎపిసోడ్ అంటే నువ్వే. పక్క రూముల వాళ్ళు కూడా మీ అవ్వ రాసిందా అని అడుగుతున్నారు.

ఇక్కడ అంతా బాగుంది. ఐదున్నరకు లేపుతారు. ఆరింటి నుంచి స్టడీ అవర్, తరువాత క్లాసులు, మళ్ళీ స్టడీ అవర్. కిటికీలకు బయటి నుంచి రేకులు కొట్టారు, రోడ్డు చూస్తూ కూర్చుంటామని. కాబట్టి వాన వస్తే వింటాం, చూడం. ఆదివారం కూడా గేటు తీయరు. నాయన వచ్చినప్పుడు విజిటర్స్ హాల్లో ఒక గంట కూర్చోవచ్చు. మాది లాంగ్ టర్మ్ కాబట్టి ఇంటర్ వాళ్ళకంటే కొంచెం ఎక్కువ స్ట్రిక్ట్. పోయినసారి డాక్టర్ సీటుకు ర్యాంకు రాలేదు కదా, ఈసారి రావాలి. వారం వారం టెస్టు పెడతారు. బాగానే రాస్తున్నాను.

అవ్వా, నాకు రెండు డౌట్లు. హోనామి చేతులు ఎలా ఉన్నాయి? పాతదాంట్లో చేతులు సరిగ్గా చూపించలేదు. ఇంకోటి, కింద నడిచే జనం ఎప్పుడైనా తల ఎత్తి పైకి చూస్తారా?

స్లో అని తిట్టకుండా మొత్తం రాయి. నాకు తొందరేం లేదు.

సుకుమారి


ఉదయగిరి,
జులై 30.

సుక్కమ్మా,

నీ జాబు అందింది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, సంతోషం. చివర రెండు వరుసలు మాత్రం ఏమీ కనిపించకుండా నల్లగా పులిమేశావు. తప్పు పోతే ఒక్క గీత కొడితే చాలు. చిన్నప్పుడే నేర్పించాను కదా.

నాలుగు భాగాలు అయ్యాయి. హోనమ్మ దిగలేదు. మొన్న శనివారం ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను. గాలి వీచింది. తాడు ఊగింది. ఆ పిల్ల కన్ను చూపించారు. రెప్ప చూపించారు. నుదుటి మీద చెమట చుక్క పుట్టి, ముక్కు కొస దాకా వచ్చేంతవరకు చూపించారు. చుక్క రాలేలోపు పాట వచ్చింది, భాగం అయిపోయింది. ఇరవై నాలుగు నిమిషాలు! ఆ వ్యవధిలో నేను పప్పు ఉడకేసి తాలింపు పెట్టేస్తాను. తీసినవాళ్ళకు రోజు కూలి ఇస్తున్నారేమో, లేకపోతే పని ఇంతలా సాగదు.

నీ డౌట్లకు జవాబు. చేతులు పుండ్లు పడ్డాయి. అరచేతిలో తాడు ఒరుసుకున్న చోట తోలు లేచింది, దగ్గర పెట్టి మరీ చూపించారు. జనం తల ఎత్తి చూస్తారు. చూసి, చెయ్యి ఊపి, "నీ వల్లే తల్లీ" అని పోతారు. పండ్లు తెచ్చి కింద పెట్టి పోతారు. తాడు పట్టుకున్నది ఆ పండ్లు ఎలా తింటుందో ఒక్కరికీ పట్టదు.

ఆదివారం చర్చిలో నీ పుట్టినరోజు కృతజ్ఞత చెల్లిస్తాను. సోమవారానికి పద్దెనిమిది నిండుతాయి నీకు. ప్రతి ఏడూ చెప్పే సాక్ష్యమే ఈసారీ చెబుతాను, వినేవాళ్ళు ఆవలించినా సరే. మూడో నెల బిడ్డవు, నెల్లూరు ఆసుపత్రిలో ఊపిరి ఆడక నీలం రంగుకు తిరిగావు. ఈ బిడ్డ బతికితే డాక్టరును చేసి నీ సేవకు ఇస్తానని దేవునికి మొక్కుకున్నాను. బతికావు. ఉదయగిరిలో నిన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళకంటే డాక్టరమ్మ అని పిలిచేవాళ్ళే ఎక్కువ. ఇంక ఆరేడేళ్ళు. అప్పటిదాకా నన్ను ఉంచమనే నా ప్రార్థన.

ఒక తమాషా చెప్పి ముగిస్తాను. బుధవారం మన ఇంట్లో స్త్రీల కూటం జరిగింది. అందరూ తమ తమ ప్రార్థన అవసరతలు చెబుతున్నారు. నా వంతు వచ్చేసరికి, సగం నవ్వులాటకే, "హోనమ్మ అని ఒక బిడ్డ ఉండాది, తాడు పట్టుకొని నిలబడి పొయ్యింది, వదల్లేదు, చేతులు పుండ్లు పడినాయి, దాని కోసరం ప్రార్థన చెయ్యండి" అన్నాను. ఎవరూ నవ్వలేదు. కొయ్య గరిటెలు చెక్కే ఎస్తేరమ్మ నోటు పుస్తకంలో పేరు కూడా రాసుకుంది. ఇద్దరు ముగ్గురు కన్నీళ్ళతో ప్రార్థన చేశారు. మనవాళ్ళకు కథలంటే ఇంత ప్రాణమని నాకు తెలియదు.

అవ్వ


ఆత్మకూరు,
ఆగస్టు 9.

అవ్వకు వందనాలు.

పుట్టినరోజు బాగా జరిగింది. మధులత వాళ్ళమ్మ తెచ్చిన అరిసెలు పేర్చి, మీద అగ్గిపుల్ల గుచ్చాం. వెలిగించలేదు, వెలిగిస్తే మేడమ్ ఊరుకోదు. కేక్ అనుకొని తిన్నాం.

నువ్వు హోనామిని తిడుతున్నావు కానీ, నాకు ఈ కొత్తదే బాగున్నట్టుంది. పాతదాంట్లో ఆ పిల్ల హీరోయిన్ కాబట్టి వదిలేసింది. ఎలా వదిలిందో ఏమనుకుందో చూపించలేదు. నిజంగా అయితే అంత ఈజీ కాదు కదా. తాడు బరువు ఒకటైతే, వచ్చేపోయేవాళ్ళు "నీ వల్లే తల్లీ" అంటారు చూడు, ఆ బరువు ఇంకొకటి. వాళ్ళు మంచివాళ్ళు. పండ్లు కూడా తెస్తున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళైతే ఎప్పుడో వదిలేసి ఉండేది.

అందుకే ఎపిసోడ్ కదలడం లేదు అనుకుంటున్నాను. తీసినవాళ్ళ తప్పు కాదు. ఆ పిల్ల ఉన్న చోట రోజులు అలాగే ఉంటాయి. పొద్దున లేచేసరికి చేతిలో అదే తాడు.

నాకు ఇంకో డౌట్. ఆ తాడు మొదట దాని చేతిలో పెట్టిందెవరు? చూపిస్తే తప్పకుండా రాయి.

నన్ను వేరే బ్యాచ్‌కి మార్చారు. కొత్త క్లాస్‌రూమ్ మెట్ల కింద ఉంటుంది, చల్లగా ఉంది. టెస్టులు రాస్తున్నాను.

చర్చిలో అందరికీ నా వందనాలు చెప్పు. ఆ సాక్ష్యం నువ్వు చెప్పేటప్పుడు నేను అక్కడ లేకపోవడం ఇదే మొదటిసారి కదా.

సుకుమారి


ఉదయగిరి,
ఆగస్టు 21.

సుక్కమ్మా,

నువ్వు అడిగిన సంగతి ఏడో భాగంలో చూపించారు. చూసినప్పటి నుంచి నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఆ పిల్లకు ఏడాది నిండకముందే నిర్ణయం జరిగిందట! కోటలో ఒక పెద్దామె, తెల్ల జుట్టు, మాట మీద నిలబడే మనిషి అని పేరు. బిడ్డను ఎత్తి జనానికి చూపించి "తాడు పట్టేది ఇదే" అంది. అందరూ ఒకటే చప్పట్లు. బిడ్డ నోట్లో వేలు పెట్టుకొని చూస్తోంది. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా? అడగక్కరలేదా? నేను టీవీకి ఎదురుగా నిలబడి "ఏమమ్మా, ఆ తాడేందో నువ్వే పట్టుకోరాదా" అని అరిచాను. మీ అమ్మ వంటింట్లోంచి ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది.

పెద్దామె సంగతి అలా ఉంచు. హోనమ్మకైనా నోరు లేదా? "నాకు నొప్పిగా ఉంది, నా వల్ల కాదు" అని ఒక్క మాట అంటే ఏం పోయింది? కింద ఊరు ఊరంతా ఉంది, ఒకరు కాకపోతే ఒకరు వింటారు. నోరు కట్టుకొని నిలబడి, భాగాలకు భాగాలు మనల్ని కూర్చోబెట్టి చంపుతోంది. అలాంటి పిల్లలను చూస్తే నాకు జాలి కంటే కోపం ముందు వస్తుంది. నా తరగతిలో ఇలాంటివాళ్ళు ఉండేవాళ్ళు, పలక పోయినా చెప్పరు.

కూటంలో ఇప్పటికి నాలుగు వారాలుగా హోనమ్మ కోసం ప్రార్థన జరుగుతోంది. నిన్న ఎస్తేరమ్మ ఉపవాసం కూడా ఉందట. ఇదేదో మరీ ఎక్కువైందని నాకూ అనిపించింది కానీ, ప్రార్థన మానమని ఎవరితో అనగలను?

బ్యాచ్ మార్చారన్నావు. పై బ్యాచ్‌కే అయి ఉంటుంది. సంతోషం.

అవ్వ


ఆత్మకూరు,
ఆగస్టు 29.

అవ్వకు వందనాలు.

టెస్టులు ఎక్కువగా ఉన్నాయి, అందుకే చిన్న లెటర్.

హోనామికి నోరు ఉంది అవ్వా. చెబితే ఎవరికి చెప్పాలి? తాడు చేతిలో పెట్టినవాళ్ళకే కదా చెప్పాలి. వాళ్ళు ఆ పిల్లను చాలా ప్రేమగా చూసుకుంటారు. అప్పుడు నోరు ఎలా వస్తుంది?

దయచేసి ఆ పిల్లను ఇంక తిట్టొద్దు. కొన్నాళ్ళు ఎపిసోడ్లు రాయకపోయినా పరవాలేదు.

సుకుమారి


ఉదయగిరి,
సెప్టెంబరు 11.

సుకుమారీ,

ఈ జాబులో కార్టూన్ లేదు. నిన్న జరిగింది రాస్తాను, నిదానంగా చదువు.

కూటం అయిపోయాక అందరూ టీ తాగుతున్నారు. ఎస్తేరమ్మ నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "బిడ్డ చేతులు ఎట్టుండాయి? ఇప్పుడన్నా మనిషి కుదుటపడిందా?" అని అడిగింది. ఎవరి చేతులు అన్నాను. "అదే, మన సుకుమారివి. నీ నోటితో పేరు చెప్పలేక హోనమ్మ అని చెప్పుకొంటన్నావని మాకు తెలవదా? చదివి చదివి బిడ్డ నలిగిపోతా ఉండాదనే గదా మేమంతా ఏడ్చి ప్రార్థన చేసింది!"

నాకు ముందు నవ్వు వచ్చింది. కార్టూన్ అని చెప్పాను. జపాన్‌లో తీసిన బొమ్మల కథ అని చెప్పాను. ఏడు వారాలుగా బొమ్మ కోసం మోకాళ్ళు వంచామా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తరువాత గది అదిరేలా నవ్వారు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

ఎస్తేరమ్మ నవ్వలేదు. "సరే, అది బొమ్మ. అయితే మన బిడ్డ బాగుండాదా?" అంది.

బాగుంది అని చెప్పబోయాను. కప్పులు తీసుకొని లోపలికి వెళ్ళిపోయాను.

వాళ్ళు పోయాక నీ జాబులన్నీ తీసి వరుసగా చదివాను. ముప్పై మూడేళ్ళు పిల్లల రాతలు దిద్దిన మనిషిని. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని రాశాను నీకు! పులిమేసిన రెండు వరుసలను వెలుతురుకు ఎత్తి పట్టి చూశాను. "ఇంటికి" అన్న ఒక్క మాట కనిపించింది, మిగిలింది కనిపించలేదు. మీ నాయన వింజమూరు బడి నుంచి రాగానే నీ మార్కులు అడిగాను. తల వంచుకున్నాడు. ఫోను తీసి ఇచ్చాడు. కాలేజీవాళ్ళు పంపిన ఇన్ని వారాల మార్కులూ చదివాను. బ్యాచ్ పైకి కాదు, ఆఖరి దానికి మార్చారని కూడా అప్పుడే తెలిసింది.

నేను అడిగేది ఒక్కటే. నువ్వు బాగున్నావా?

మేడమ్ గారూ, ఈ జాబు మా బిడ్డకు ఇవ్వండి. ఆపితే నేనే బస్సెక్కి వస్తాను.

అవ్వ


ఆత్మకూరు,
సెప్టెంబరు 16.

అవ్వా,

ఈ లెటర్ మేడమ్ చదవలేదు. మధులత వాళ్ళమ్మ వచ్చింది, ఆమె బ్యాగులో పెట్టి పంపిస్తున్నాను. బస్టాండు దగ్గర పోస్టు డబ్బాలో వేస్తానంది. అందుకని మొత్తం రాస్తాను.

బాగాలేను.

అన్ని టెస్టులకూ తెల్ల పేపరు ఇచ్చాను. రాకపోవడం వల్ల కాదు. మొదటి రెండింటికి సగం జవాబులు తెలుసు. పెన్ను పట్టుకొని కూర్చుంటే చెయ్యి కదలదు. కదిలితే ర్యాంకు వస్తుంది, ర్యాంకు వస్తే సీటు, సీటు వస్తే ఇంక జీవితాంతం అదే. నాకు రక్తం చూస్తే భయం లేదు, చదువంటే అసహ్యం లేదు. నేను మొద్దును కూడా కాదు అవ్వా. నాకు ఇది వద్దు. ఏం కావాలి అని అడిగితే జవాబు లేదు. అది ఇంకా తెలియదు. తెలుసుకోవడానికి ఎప్పుడూ ఖాళీ దొరకలేదు, నడక రాకముందు నుంచే డాక్టరమ్మను కదా.

నువ్వు నోరు లేదా అని రాశావు. నోరు తెరిచాను. జూన్‌లో ఇక్కడ చేర్చేముందు నాయనకు చెప్పాను. నాయన కోప్పడలేదు. "అవ్వ దేవునికి ఇచ్చిన మాటమ్మా. అవ్వ ఉన్నన్నాళ్ళు ఆ మాట ఎత్తొద్దు. ఆ తరువాత నీ ఇష్టం" అన్నాడు.

ఇప్పుడు రాసేది చదివి నన్ను క్షమించు. ఆ రోజు నుంచి నేను ప్రతి రోజూ, అవ్వ నూరేళ్ళు ఉండాలి ప్రభువా అని ప్రార్థన చేస్తున్నాను. నిజంగానే చేస్తున్నాను. ఆమెన్ అన్న తరువాత, నీకు ఇప్పుడు డెబ్బై ఆరు కదా అని లెక్క వేసుకుంటున్నాను. ఆ లెక్క వేసేది నేనే. వద్దనుకున్నా ఆగదు. తరువాత నీ లెటర్ వస్తుంది. నెయ్యి తిను అని ఉంటుంది. బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడుస్తాను.

ఈ రేకుల కిటికీలు, గేటు, టైమ్ టేబుల్, ఇవేమీ కాదు అవ్వా. వాటిని ఎలాగైనా భరించవచ్చు. నువ్వు లేకపోతే తప్ప నేను బయటికి రాలేను అనేదాన్ని మాత్రం భరించలేకపోతున్నాను.

నన్ను విడిపించు అని అడగడం లేదు. నేను కాదంటే దేవుడి దగ్గర నీ మాట పోతుంది. అది నాకు తెలుసు. నువ్వు బాగున్నావా అని అడిగావు కాబట్టి చెప్పాను, అంతే.

సుకుమారి


ఉదయగిరి,
సెప్టెంబరు 22.

నా బంగారు తల్లికి,

నీ జాబు శనివారం వచ్చింది. చదివి మంచం మీద కూర్చుండిపోయాను. ఆరింటికి మీ అమ్మ వచ్చి టీవీ పెట్టింది, ఆపెయ్యమన్నాను.

నీ లెక్క గురించి ముందు రాస్తాను. దానికి నువ్వు ఏడవద్దు. బిడ్డను అలాంటి లెక్క వేసుకునే చోట నిలబెట్టిందాన్ని నేను. పాపం ఉంటే నాది. మీ నాయన మీద కూడా కోపం పెట్టుకోకు. వాడు పుట్టినప్పటి నుంచి నాకు భయపడుతున్నాడు. అది వాడి తప్పు అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ.

ఇప్పుడు రాసేది పద్దెనిమిదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. కొన్నేళ్ళు పోయాక నాకు నేను కూడా చెప్పుకోవడం మానేశాను.

నెల్లూరు ఆసుపత్రిలో ఆ మధ్యాహ్నం డాక్టర్లు ఆశ వదులుకోమన్నారు. నేను వరండాలో గోడకు తల ఆనించి ప్రార్థన చేశాను. ఏమని చేశానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "బిడ్డను బతికించు, ఇంకేమీ అడగను" అన్నాను. అంతే. డాక్టరు అన్న మాట అందులో లేదు. దేవుడితో నేను ఆ మాట అననే లేదు తల్లీ.

అన్నది మన చర్చిలో. నిన్ను ఇంటికి తెచ్చాక కృతజ్ఞత చెల్లించిన ఆదివారం. దానికి ముందు వారం, నాతోపాటు పనిచేసిన టీచరమ్మ కొడుక్కి మెడిసిన్ సీటు వచ్చిందని పాస్టరు అయ్యగారు ప్రకటిస్తే చర్చి అంతా చప్పట్లు కొట్టింది. ఆమె ఆ రోజు కూడా ముందు బెంచీలోనే కూర్చుంది, పట్టుచీర కట్టుకొని. నేను నిన్ను ఎత్తుకొని నిలబడ్డాను. బిడ్డ బతికింది, దేవునికి స్తోత్రం అని కూర్చోవాల్సిందాన్ని. నా నోరు ఊరుకోలేదు. "డాక్టరును చేస్తానని మొక్కుకున్నాను" అనేశాను. నాకు కూడా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల కోసం అన్న మాట అది. మరుసటి ఏడు మళ్ళీ చెప్పాను, ఆ పై ఏడు మళ్ళీ. చెప్పగా చెప్పగా నేనే నమ్మేశాను.

నిన్న ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాను. పుట్టినరోజు లేదు, పండగ లేదు, ఈమె ఎందుకు లేచిందా అని చూశారు. నీకు రాసిందంతా ఉన్నదున్నట్టు చెప్పాను. పట్టుచీర సంగతి కూడా చెప్పాను, ఆమె అక్కడే ఉంది. "దేవుని పేరు పెట్టి పద్దెనిమిదేళ్ళు అబద్ధం చెప్పినాను. దాన్ని నా మనవరాలి నెత్తిన పెట్టినాను. ఈ రోజు నుంచి ఆ బిడ్డను డాక్టరమ్మ అని ఎవురూ పిలవొద్దండి, దానికి పేరుండాది" అన్నాను. బెంచీ పట్టుకొని నిలబడ్డాను.

అయ్యగారు గొంతు సవరించుకొని గడియారం వైపు చూశారు. వెనకనుంచి ఎస్తేరమ్మ "స్తోత్రం! ఇంకేందమ్మా నిలబడేది, పోయి బిడ్డను తీసకరా!" అని గట్టిగా అంది. ముందు బెంచీ ఆమె మాత్రం బయటికి వచ్చేటప్పుడు నన్ను పలకరించలేదు. పలకరించకపోతే మానె. నాకు ఆకలి వేసింది, ఇంటికి వచ్చి రెండు సార్లు అన్నం పెట్టించుకున్నాను.

మీ నాయనకు కూడా చెప్పాల్సింది చెప్పాను. "ఉన్నన్నాళ్ళు ఎత్తొద్దు అన్నావంట గదా. ఇప్పుడు నేనే ఎత్తినాను" అన్నాను. వాడు నా కాళ్ళ దగ్గర కూర్చొని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వాడు కూడా ఏదో పట్టుకొని నిలబడ్డాడని నాకు అప్పుడు అర్థమైంది.

శుక్రవారం ఇద్దరం వస్తున్నాం. పొద్దున మొదటి బస్సు. మేడమ్ గారితో మీ నాయన మాట్లాడతాడు, నువ్వు వస్తానంటే సంతకాలు పెడతాడు. నేను గేటు బయటే ఉంటాను. నిన్ను రమ్మని పిలవను, ఉండమని చెప్పను. ఒకసారి నీ తరఫున మాట్లాడి ఏం చేశానో చూశావు కదా. చదువుతాను అంటే చదువు, అది నీ చదువు అవుతుంది. ఏం కావాలో తెలియదన్నావు, తెలియకపోతే తెలియకుండానే ఇంటికి రా. పద్దెనిమిదేళ్ళ పిల్లకు తెలియకపోతే కొంప మునిగేదేమీ లేదు.

ఒక్కటి మాత్రం అడుగుతాను, ఇది ఆజ్ఞ కాదు, ముసలిదాని ఆశ. ఎప్పుడో నేను పోయాక నువ్వు ఆ గేటు దాటడం నాకు వద్దు. నేను చూస్తూ ఉండగా, నా కళ్ళ ముందే, బతికి ఉండగానే దాటు తల్లీ.

అవ్వ